ఉరికొట్టు పక్క గదిలో దుర్గాబాయి

ఆలీపురం జైలు పేరెత్తితే మన బళ్లారి పెద్దోళ్లు ఇప్పటికీ ఓ క్షణం ఆగి మాట్లాడతారు. 1921లో మలబారు తిరుగుబాటు అణిచేశాక మాప్పిళ్ల ఖైదీల్ని తెచ్చి కుక్కింది అక్కడే. 1940ల్లో సత్యాగ్రహాల్లో పట్టుబడిన ఆంధ్ర నాయకులెందరో శిక్ష అనుభవించిందీ అక్కడే. జైలుకు పోయొచ్చినోళ్ల గురించి ఏ ఊళ్లోనైనా ఒక మాట ఉంటుంది, మనిషి వచ్చాడు గానీ మునుపటి మనిషి కాదని. ఎందుకు కాదో ఎవరూ విడమరచి చెప్పరు. వాళ్లు చెప్పరు, మనం అడగం. అంతే.

ఇప్పుడు చెప్పబోయేది ఆలీపురం కథ కాదు. అప్పట్లో మనం కూడా భాగమైన మద్రాసు రాష్ట్రంలోనే, దక్షిణాన మదురై జైల్లో ఒక తెలుగు ఆడమనిషికి జరిగిన కథ. పేరు దుర్గాబాయి. తర్వాతి కాలంలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ అని దేశమంతా పిలుచుకున్న మనిషి. ఆంధ్ర మహిళా సభ అంటే తెలియని తెలుగిల్లు ఉండదు. కానీ ఆ సభ పునాదుల కింద ఒక చీకటి గది జ్ఞాపకం ఉందన్న సంగతి పాఠ్యపుస్తకాల్లో పెద్దగా కనపడదు.

కాకినాడ పిల్ల

1909 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. తండ్రి బెన్నూరి రామారావు, తల్లి కృష్ణవేణమ్మ. కలరా, ప్లేగు వచ్చి ఊళ్లు ఖాళీ అవుతుంటే ఇళ్లకు పోయి సాయం చేసే మనిషి ఆ తండ్రి. ఆయన వెనకాలే తిరిగిన పిల్లకి చావంటే ఏమిటో, చావు దగ్గర నిలబడే మనిషంటే ఏమిటో చిన్నప్పుడే తెలిసింది. తండ్రి తక్కువ వయసులోనే పోయారు. తల్లి మాత్రం కాంగ్రెస్ పనుల్లో తిరుగుతూ కూతురికి చివరిదాకా కొండంత అండ.

ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. పెళ్లికొడుకు సుబ్బారావు, ఉన్నవాళ్ల ఇంటి దత్తపుత్రుడు. ఆ రోజుల్లో అది వింతేం కాదు, మన తాతమ్మలందరికీ జరిగిందే. వింత తర్వాత జరిగింది. ఈడొచ్చాక ఆ పిల్ల ఈ కాపురం నాకొద్దని చెప్పింది. నువ్వు ఇంకో పెళ్లి చేసుకో అని భర్తనే ఒప్పించింది. తండ్రి, తమ్ముడు ఆమె పక్కనే నిలబడ్డారు. చాలా ఏళ్ల తర్వాత సుబ్బారావు కాలం చేసి, ఆయన రెండో భార్య ఇబ్బందుల్లో పడితే, ఆదుకుని పని నేర్పించి సొంత కాళ్ల మీద నిలబెట్టింది కూడా దుర్గాబాయే. ఇట్లాంటివి ఆమె జీవితంలో బోలెడు. ఎవరు ఎక్కడ చెయ్యి జారిపోయినా ఆమెకి గుర్తుండేది.

బళ్లో ఇంగ్లీషు రుద్దుతున్నారని చదువు మానేసింది. ఇంట్లో కూర్చోలేదు. హిందీ నేర్చుకుని, ఆడపిల్లల కోసం హిందీ పాఠశాల పెట్టింది. 1921లో గాంధీ కాకినాడ వస్తున్నాడంటే దేవదాసీలు, ఘోషా స్త్రీలు ఆయన మాట వినాలని పట్టుబట్టింది. 5,000 రూపాయలు పోగుచేస్తే కాస్త టైము ఇప్పిస్తామని పెద్దలు తీసిపారేసినట్టు అన్నారు. పన్నెండేళ్ల పిల్ల పోగుచేసి చూపించింది. గాంధీ అక్కడ అనుకున్నదానికంటే ఎక్కువసేపు కూర్చున్నాడు, ఆడవాళ్లు ఒంటి మీది నగలు తీసిచ్చారు. ఆ సాయంత్రం టౌన్‌హాలు సభలో ఆయన హిందీని తెలుగు చేసింది కూడా ఆ పిల్లే. 1923 కాకినాడ కాంగ్రెస్‌లో టికెట్ లేదని నెహ్రూని గేటు దగ్గర ఆపిన కథ అందరికీ తెలిసిందే, మళ్లీ చెప్పక్కర్లేదు.

గోడ అవతలి గది

1930లో ఉప్పు సత్యాగ్రహం. మద్రాసులో టంగుటూరి ప్రకాశంతో కలిసి దిగారు. అప్పటికి ఆమెకి ఇంకా 21 నిండలేదు. 1930 నుంచి 1933 మధ్య మూడుసార్లు జైలు. మొదట వేలూరు, చివర్న మదురై.

జైళ్లలో ఆమెను కుదిపేసింది తన శిక్ష కాదు, తోటి ఆడ ఖైదీలు. వాళ్లు ఏ నేరం కింద లోపల ఉన్నారో వాళ్లలో చాలామందికే సరిగ్గా తెలీదు. చదువు రాదు. వకీలు లేడు. పోలీసులు చూపించిన కాగితం మీద వేలిముద్ర వేసినవాళ్లు, ఇంట్లో మగవాడి నేరం నెత్తినేసుకున్నవాళ్లు. ఈ మాట చదువుతుంటే మన తాలూకా కచేరీల ముందు సంతకం కోసం నిలబడే ముసలమ్మలు గుర్తుకు రారా?

మదురైలో ఆమెను ఒంటరి కొట్టులో పెట్టారు. ఆ గది ఉండింది ఉరిశిక్ష పడి రోజులు లెక్కపెట్టుకునే ఖైదీల గదుల దాపున. నెలల తరబడి మనిషి ముఖం కనపడదు. గోడ అవతలి నుంచి ఏడుపు మాత్రం వినపడుతుంది. ఎవర్నో తెచ్చారని తెలుస్తుంది, ఎవర్నో తీసుకుపోయారని తెలుస్తుంది. తను చేయగలిగింది ఏమీ లేదు. ఆ గది ఆమె ఆరోగ్యాన్ని, నరాల సత్తువని తినేసింది. బయటికొచ్చిన మనిషి కాకినాడలో గాంధీ ముందు గలగలా మాట్లాడిన మనిషి కాదు. మళ్లీ ఉద్యమంలో దూకే స్థితి లేదు. ఆ వయసుకే రాజకీయాల నుంచి పక్కకు తప్పుకోవాల్సి వచ్చింది.

ఆమెకి ఫలానా జబ్బు అని ఇప్పుడు మనం చీటీ అంటించడం సబబు కాదు. కానీ అట్లాంటి గది ఎవరి తలకైనా ఏం చేస్తుందో ఈ అరవై, డెబ్భై ఏళ్లలో డాక్టర్లు కొంత తెలుసుకున్నారు. అది మాత్రం చెప్పుకోవాలి.

తలలో ఏం జరుగుతుంది?

మెదడు లోపల, చెవులకు దగ్గరగా, బాదంగింజంత భాగం ఒకటి ఉంటుంది. అమిగ్డాలా అంటారు. పొలంలో కాపలా కుక్క లాంటిది. ప్రమాదం వాసన తగిలితే చాలు, మనం ఆలోచించే లోపలే అరుస్తుంది. గుండె దడదడ, చేతులు చెమట, ఒళ్లంతా బిగుసుకోవడం దాని పనే. దాని పక్కనే హిప్పోక్యాంపస్ అని ఇంకో భాగం. అది కరణం లాంటిది. ఏది ఎప్పుడు జరిగింది, ఎక్కడ జరిగింది, ముందేది వెనకేది అని దస్త్రం రాసిపెడుతుంది. నుదుటి వెనక ఉండే మెదడు భాగం ఇంటి పెద్ద. కుక్క అరిస్తే, ఊరుకో, వచ్చింది మనవాడే అని సర్దిచెప్పేది అదే.

మామూలు రోజుల్లో ముగ్గురూ కలిసి పనిచేస్తారు. తట్టుకోలేని భయం వచ్చినప్పుడు ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ లాంటి రసాయనాలు పొంగుతాయి. కుక్క అరుపు పెరుగుతుంది, పెద్దమనిషి మాట వినపడదు, కరణం రాత గజిబిజి అవుతుంది. దాంతో జ్ఞాపకం కథలాగా కాకుండా ముక్కలుగా నిలిచిపోతుంది. ఒక చప్పుడు, ఒక వాసన, ఒక వెలుతురు. వాటికి తేదీ ఉండదు. అందుకే పదేళ్ల తర్వాత ఎక్కడో ఇనపతలుపు మోగితే, అది అప్పుడు జరిగింది అనిపించదు, ఇప్పుడే జరుగుతోంది అనిపిస్తుంది. నిద్రపట్టకపోవడం, పీడకలలు, ఉలిక్కిపడటం, అయినవాళ్ల మీదే విసుక్కోవడం, కొన్ని చోట్లకి అసలు పోలేకపోవడం, ఇవన్నీ అక్కణ్నుంచి వచ్చేవే. పిరికితనం కాదు, దయ్యం అంతకన్నా కాదు. తాయెత్తులు కట్టించి ఏళ్లు పోగొట్టుకున్న కుటుంబాలు మన చుట్టుపక్కల ఊళ్లలో తక్కువేం లేవు.

ఒంటరితనం దీనికి తోడైతే ఇంకా చెడ్డ. మనిషి మెదడు ఎదుటి మనిషి ముఖం చూసి కుదుటపడేట్టు తయారైంది. ఆ ముఖమే లేకపోతే కాపలా కుక్కని ఊరుకోబెట్టేది ఎవరు? 2015లో ఐక్యరాజ్యసమితి ఖైదీల కోసం ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాలు ఒంటరి కొట్టులో వరుసగా 15 రోజులు మించి ఉంచడాన్ని నిషేధించాయి. పదిహేను రోజులే హద్దు. దుర్గాబాయి ఉన్నది నెలలు.

ఒక సంగతి ఇక్కడ ఒప్పుకోవాలి. ఇట్లాంటి బాధ ఉన్నవాళ్లలో హిప్పోక్యాంపస్ చిన్నదిగా కనపడుతోందని డాక్టర్లు స్కానింగుల్లో చూశారు. భయమే దాన్ని తినేసిందని మొదట అనుకున్నారు. 2002లో అమెరికాలో వియత్నాం యుద్ధానికి వెళ్లొచ్చిన సిపాయిల్ని, ఇంటిపట్టునే ఉన్న వాళ్ల కవల సోదరుల్ని కలిపి చూస్తే, యుద్ధం చూడని కవలకి కూడా అది చిన్నగానే ఉంది. అంటే కొందరి విషయంలో అది ముందు నుంచే అట్లా ఉండొచ్చు. ఒకే దెబ్బ ఒకడికి ఒక లెక్క, ఇంకొకడికి ఇంకో లెక్క. వాడు తట్టుకున్నాడు కదా, నువ్వెందుకు తట్టుకోలేవు అని ఎవర్నీ దెప్పడానికి లేదు.

పుస్తకం పట్టింది

మరి దుర్గాబాయి ఎట్లా లేచారు? గట్టి గుండె అని ఒక్క మాటతో తేల్చేయడం మనవాళ్లకి అలవాటు. గట్టి గుండె ఉన్న మాట నిజమే. కానీ ఆమె చేసిన పనులు వరసగా చూస్తే వేరే లెక్క కనపడుతుంది.

మొదటిది, ఆమె తల్లి, తమ్ముడు ఉన్న ఇంటికి తిరిగొచ్చారు. ఏమైంది నీకు అని నిలదీసే ఇల్లు కాదది. రెండోది, చిన్నప్పుడు వదిలేసిన చదువుని మళ్లీ పట్టుకున్నారు. ఇరవై నాలుగేళ్లు దాటిన మనిషి ఏబీసీడీల దగ్గర కూర్చుని, ప్రైవేటుగా బెనారస్ మెట్రిక్ కట్టి పాసయ్యారు. తర్వాత ఇంటర్. ఆ తర్వాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం. ఆడపిల్లలకి హాస్టల్ లేదు, సీటెట్లా ఇస్తామని అంటే, చదువుకోవాలనుకునే అమ్మాయిల్ని తనే వెతికి పోగుచేసి, తనే హాస్టల్ నడుపుకుంటూ చదివారు. రాజనీతి శాస్త్రంలో డిగ్రీ. ఆనక మద్రాసులో లా. 1942కల్లా వకీలు.

ఎందుకు లా? వేలిముద్ర వేసిన ఆ ఆడ ఖైదీల కోసం. జైల్లో ఉండగానే మనసులో పడిన విత్తనం అది. గోడ అవతలి ఏడుపు విని ఏమీ చేయలేకపోయిన మనిషి, ఏదో ఒకటి చేయగలిగే చోటికి నడిచి పోయింది. జ్ఞాపకం పోలేదు. దానికి ఒక పని దొరికింది.

చదువుతూనే మద్రాసు మైలాపూరులో ఇరుగుపొరుగు పిల్లల్ని, ఆడవాళ్లని చేరదీశారు. 1937లో అట్లా మొదలైంది ఆంధ్ర మహిళా సభ. భర్త వదిలేసిన వాళ్లు, చిన్నప్పుడే ముండమోసిన వాళ్లు, బడికి పంపని వాళ్లు. తను ఎట్లా కొద్ది కాలంలోనే కష్టపడి బెనారస్ మెట్రిక్ గట్టెక్కిందో, అట్లాగే వాళ్లనీ గట్టెక్కించేది. కుట్టుపని, నర్సు పని, టీచరు పని. నెలకి నాలుగు రూకలు సొంతంగా వచ్చే దారి. ఆస్పత్రి, హాస్టల్, బడి ఒక్కొక్కటే చేరాయి.

తట్టుకుని లేచేవాళ్ల గురించి ప్రపంచంలో జరిగిన పరిశోధనల్లో పేరున్నది హవాయి దీవుల్లో కవాయి అనే చోట జరిగింది. 1955లో అక్కడ పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ అనే మానసిక శాస్త్రవేత్త, ఆమె తోటివాళ్లు దశాబ్దాల పాటు వెంబడించి చూశారు. పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల జబ్బులు, అన్నీ ఒకేసారి నెత్తిన పడ్డ పిల్లల్లో మూడో వంతు మంది మంచి మనుషులుగా, పనిమంతులుగా ఎదిగారు. వాళ్లకి వజ్రపు గుండెలేం లేవు. కనీసం ఒక్క పెద్ద మనిషి, అమ్మో, అవ్వో, అయ్యవారో, విడవకుండా పట్టుకుని ఉన్నారు. పైగా తమ చేత కూడా కొన్ని పనులవుతాయన్న నమ్మకం వాళ్లకి ఎక్కడో దొరికింది. దుర్గాబాయికి తల్లి కృష్ణవేణమ్మ ఉంది, తమ్ముడు ఉన్నాడు, పరీక్షలున్నాయి. లెక్క సరిపోవడం లేదూ!

ఇంకొకటి. 2000లో న్యూయార్క్‌లో ఎలకల మీద జరిగిన ప్రయోగాల్లో, పాత భయం గుర్తుకొచ్చిన ప్రతిసారీ ఆ జ్ఞాపకం కాసేపు మెత్తబడి, మళ్లీ కొత్తగా గట్టిపడుతుందని తేలింది. బీరువాలో పెట్టిన దస్తావేజు కాదు జ్ఞాపకం, తీసిన ప్రతిసారీ తిరగరాసే కాగితం. మనుషుల్లో ఇది ఎంతవరకు పనికొస్తుందన్న దాని మీద ఇంకా వాదనలున్నాయి. నమ్మకమైన మనిషి దగ్గర, తొందర లేకుండా, తమకు వీలైనప్పుడు చెప్పుకుంటే భారం తగ్గుతుందన్నది మాత్రం వైద్యులు రోజూ చూసేదే. దెబ్బ తగిలిన రోజే చుట్టూ కూర్చుని ఏం జరిగిందో మొత్తం చెప్పు అని పీడిస్తే మేలు జరగదు. ఆ పద్ధతి వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. చావింటికి పోయి ఎట్లా పోయాడు అని పదిసార్లు అడిగే మన అలవాటు కాస్త తగ్గించుకుంటే మంచిదేమో.

అయితే దుర్గాబాయిని చూపించి అందరూ ఇట్లా కావాలనడం అన్యాయం. ఆమెకి చదివించే ఇల్లుంది, పేరుంది, వెనక ఉద్యమం ఉంది. గోడకి అవతల ఉన్న ఆ ఆడవాళ్లకి ఇవేవీ లేవు. వాళ్ల పేర్లు కూడా మనకి తెలీవు. ఈ తేడా ఆమెకి బాగా తెలుసు, జీవితమంతా ఆమె పట్టుకున్నది ఆ తేడానే.

సభలో, ఢిల్లీలో

1946లో రాజ్యాంగ సభకి మద్రాసు రాష్ట్రం నుంచి ఎన్నికయ్యారు. అప్పుడు బళ్లారి కూడా ఆ రాష్ట్రంలోనే కదా, ఆ లెక్కన మన తరఫున కూర్చున్న మనిషే. సభలో ఉన్న ఆడవాళ్లు 15 మంది. అధ్యక్షుడు లేనప్పుడు సభ నడిపే ప్యానెల్లో ఒకే ఒక్క స్త్రీ దుర్గాబాయి. సవరణల మీద సవరణలు పెట్టేవారు.

1952 ఎన్నికల్లో ఓడిపోయారు. కుంగిపోయిన జాడ లేదు. ప్రణాళికా సంఘంలో సభ్యురాలయ్యారు. అక్కడే ఆర్థిక మంత్రి చింతామన్ దేశ్‌ముఖ్‌తో పరిచయం గట్టిపడి, 1953 జనవరి 22న పెళ్లి. ఆమెకి 43, ఆయనకి 57. చిన్నప్పుడు తన ఇష్టం ఎవరూ అడగని పెళ్లి జరిగిన మనిషి, ఈసారి తనే ఎంచుకుంది.

అదే ఏడాది ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు వచ్చింది, మొదటి అధ్యక్షురాలు ఆమే. ఇంకో రెండు నెలలకి, అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చి, ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయి, మనం ఇటు మైసూరులో మిగిలాం. ఆ గొడవ మనకి వేరే కథ. బోర్డు మాత్రం గీతకి అటూ ఇటూ ఒకటే. 1958లో ఆ బోర్డు పెద్ద వయసు ఆడవాళ్ల కోసం కండెన్స్‌డ్ కోర్సులు మొదలుపెట్టింది. మైలాపూరులో పెంచిన మొక్కే అది, దేశమంతా నాటారు. 1953లో చైనా పోయి అక్కడి కుటుంబ కోర్టులు చూసొచ్చి, మన దగ్గరా కావాలని పోరారు. చట్టం 1984లో వచ్చింది, ఆమె పోయిన మూడేళ్లకి.

తర్వాతి కాలం భార్యాభర్తలు హైదరాబాదులో ఉన్నారు. మహిళా సభ అక్కడా వేళ్లూనింది. 1975లో పద్మవిభూషణ్. 1980లో చింతామన్ అండ్ ఐ అని తన జీవితకథ అచ్చయింది. అదే 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన జబ్బుల పట్టికలో మొదటిసారి పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అనే పేరు చేర్చింది. మదురై గది లాంటివి చూసొచ్చిన వాళ్ల బాధకి ఒక పేరు దొరకడానికి అంత కాలం పట్టింది. 1981 మే 9న దుర్గాబాయి కన్నుమూశారు.

మన జిల్లా సంగతి

ఆమె పోయిన మరుసటి ఏడు, 1982లో, జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. దాన్ని ఊళ్ల దాకా ఎట్లా తీసుకుపోవాలో చూడడానికి బెంగళూరు నిమ్హాన్స్ డాక్టర్లు ఎంచుకున్నది ఏ జిల్లాననుకున్నారు? బళ్లారినే. 1985 నుంచి 1990 దాకా ఇక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకి, ఊళ్లు తిరిగే ఆరోగ్య కార్యకర్తలకి మనసు జబ్బులు గుర్తుపట్టడం నేర్పారు. మందులు పీహెచ్‌సీల్లోనే దొరికేట్టు చేశారు. బెంగళూరు దాకా పోలేని మనిషికి సొంత ఊరి దగ్గరే వైద్యం. 1996లో దేశంలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైనప్పుడు దానికి పెట్టుకున్న నమూనా ఇదే. ఇప్పటికీ దేశంలో వైద్య విద్యార్థులు బళ్లారి నమూనా అని చదువుకుంటారు. మనలో ఎంతమందికి తెలుసు?

2022 అక్టోబరు 10 నుంచి టెలీ మానస్ అని ఫోన్ సాయం కూడా ఉంది. నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఎత్తుతారు. కన్నడంలోనే మాట్లాడాలని లేదు, తెలుగులోనూ చెప్పుకోవచ్చు.